పేరు కనిపిస్తుంది, మాట వినిపించదు: డిజిటల్ రేడియో ప్రమాణాలు, మన చేతిలోని సెట్టు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. డిజిటల్ రేడియో గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం ఎత్తుకున్నవాళ్లు సాధారణంగా ట్రాన్స్‌మిటర్ దగ్గర మొదలుపెడతారు. నేను వినేవాళ్ల చేతిలోని సెట్టు దగ్గర మొదలుపెడతాను. ట్రాన్స్‌మిటర్ మార్చాలంటే ప్రసార సంస్థ ఒక నిర్ణయం తీసుకుంటే సరిపోతుంది. సెట్లు అలా కాదు. అవి లక్షల్లో ఉంటాయి, ఒక్కోటీ ఎవరో ఒకరు సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నది. వాటిని ఉత్తర్వులు వేసి మార్పించలేం. గత 30 ఏళ్లలో ఏ ప్రమాణం నిలదొక్కుకుంది, ఏది మూలన పడింది అని చూస్తే, ఆ తీర్పు చాలాసార్లు సెట్ల దగ్గరే జరిగింది.

ముందు ఒక్కసారి 1961కి వెళ్దాం. అప్పటికి ఎఫ్ఎం సెట్లన్నీ మోనో సెట్లే. స్టీరియో పంపాలి, కానీ జనం దగ్గరున్న సెట్లు పనికిరాకుండా పోకూడదు. ఆ ఏడాది అమెరికాలో ఆమోదం పొందిన పద్ధతి ఎంత తెలివైనదో చూడండి. ఎడమ, కుడి శబ్దాలను కలిపిన మొత్తాన్ని పాత మోనో శబ్దం ఉండే చోటే ఉంచారు. ఆ రెండింటి మధ్య తేడాను మాత్రం 38 కిలోహెర్ట్జ్ చుట్టూ, అంటే చెవికి అందనంత పైన పెట్టారు. 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పైలట్ టోన్ నిలబెట్టారు. కొత్త సెట్టు ఆ పైలట్‌ను పట్టుకుని, రెట్టింపు చేసి, 38 తయారుచేసుకుంటుంది. దాని సాయంతో తేడాను కిందికి దించుకుంటుంది. మొత్తానికి తేడా కలిపితే ఎడమ, తీసేస్తే కుడి. పాత సెట్టుకు ఈ గొడవేమీ తెలియదు. దానికి మొత్తం మాత్రమే వినిపిస్తుంది. అంటే పాట పూర్తిగా వస్తుంది, స్టీరియో మాత్రం ఉండదు.

1980ల్లో యూరప్‌లో ఆర్‌డీఎస్ తెచ్చినప్పుడు కూడా ఇదే మర్యాద పాటించారు. స్టేషన్ పేరు, ఇదే కార్యక్రమం దొరికే వేరే ఫ్రీక్వెన్సీలు, ఇలాంటి సమాచారాన్ని 57 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టారు. 57 అంటే పైలట్‌కు సరిగ్గా మూడు రెట్లు. సెకనుకు 1187.5 బిట్లు, అంతే. ఆర్‌డీఎస్ తెలియని సెట్టుకు అది ఉన్నట్టే తెలియదు. 1950ల నాటి ఎఫ్ఎం సెట్టు బాగా పనిచేసే స్థితిలో ఉంటే, దాని బ్యాండ్‌లో పడే ఎఫ్ఎం స్టేషన్‌ను ఇవాళ్టికీ పలికిస్తుంది. దీన్ని ఇంజనీర్లు బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. నేను పాత సెట్టును కాపాడటం అనే అంటాను.

మరి డిజిటల్‌లో అదే పని ఎందుకు చేయలేకపోయాం? ఎఫ్ఎం సెట్టు క్యారియర్ (అంటే శబ్దాన్ని మోసుకొచ్చే తరంగం) ఫ్రీక్వెన్సీ ఎంత అటూ ఇటూ ఊగుతోందో చూసి, ఆ ఊపునే శబ్దంగా మారుస్తుంది. డిజిటల్ ప్రసారంలో ఊపులో శబ్దం లేదు. శబ్దాన్ని ముందు కుదించి, బిట్లుగా మార్చి, తప్పులు సరిదిద్దుకోవడానికి అదనపు బిట్లు చేర్చి, కాలంలోనూ ఫ్రీక్వెన్సీలోనూ చెల్లాచెదురు చేసి పంపుతాం. పాత సెట్టుకు అదంతా బుస్సుమనే గాలి చప్పుడే. కాబట్టి డిజిటల్‌కు వెళ్లాలంటే ముఖ్యంగా దారులు రెండు. ఒకటి, వేరే బ్యాండ్‌లో కొత్త ప్రసారం మొదలుపెట్టి, కొత్త సెట్లు కొనమనడం. రెండోది, పాత ప్రసారాన్ని అలాగే ఉంచి దాని పక్కన ఉన్న ఖాళీలో డిజిటల్‌ను దూర్చడం. యూరప్ మొదటి దారి పట్టింది. అమెరికా రెండోది.

యూరప్ ప్రమాణం పేరు డ్యాబ్, అంటే డిజిటల్ ఆడియో బ్రాడ్‌కాస్టింగ్. దాని సంగతి కొంచెం వివరంగా చెప్తాను, మనకు కావలసిన పాఠాలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. యురేకా 147 అనే ప్రాజెక్టు కింద 1987లో పని మొదలైంది. 1995లో నార్వే, స్వీడన్, బ్రిటన్‌లలో ప్రసారాలు వచ్చాయి. ఇందులో ఒక స్టేషన్‌కు ఒక ఫ్రీక్వెన్సీ అనే లెక్క లేదు. 1.536 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒకే ప్రసారంలో చాలా స్టేషన్లు, ఒకే రైలుకు తగిలించిన పెట్టెల్లా, కలిసి ప్రయాణిస్తాయి. దాన్నే మల్టీప్లెక్స్ అంటారు.

ఆ 1.536 మెగాహెర్ట్జ్‌లో 1536 చిన్న చిన్న క్యారియర్లు ఉంటాయి, ఒక్కోదానికీ మధ్య ఒక కిలోహెర్ట్జ్ దూరం. ఒక్కో క్యారియర్ చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. ఒక సింబల్‌కు, అంటే ఒక విడతలో పంపే సంకేతానికి, ఒక మిల్లీసెకను, దాని ముందు 246 మైక్రోసెకన్ల రక్షణ విరామం. ఈ 246ను జాగ్రత్తగా గమనించండి. రేడియో తరంగం అంత సేపట్లో దాదాపు 74 కిలోమీటర్లు వెళ్తుంది. ఒక ట్రాన్స్‌మిటర్ నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్ ఒకటి, కొండకు తగిలి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని ఒకటి, 50 కిలోమీటర్ల అవతలి ఇంకో ట్రాన్స్‌మిటర్ నుంచి అదే ఫ్రీక్వెన్సీలో వచ్చిన సిగ్నల్ ఒకటి. దారుల మధ్య తేడా ఆ 74 కిలోమీటర్లు దాటనంతవరకు అవి ఒకదాన్నొకటి పాడుచేసుకోవు, పైగా ఒకదానికొకటి బలమిస్తాయి. ఎఫ్ఎంలో ప్రతిధ్వని శత్రువు, ఇక్కడ స్నేహితుడు. అందుకే దేశం మొత్తానికి ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చి వరసగా ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టగలిగారు. కారు వందల కిలోమీటర్లు వెళ్లినా ట్యూనింగ్ మార్చాల్సిన పని లేదు. ఇంజనీరింగ్‌గా నాకు ఇది చాలా ఇష్టమైన భాగం.

ఇంత బాగా ఆలోచించినవాళ్లకు చిక్కు వచ్చింది కోడెక్ దగ్గర, అంటే శబ్దాన్ని కుదించి మళ్లీ విప్పే పద్ధతి దగ్గర. శబ్దాన్ని కుదించడానికి అప్పట్లో ఉన్నవాటిలో మెరుగైనదని ఎంపీ2 తీసుకున్నారు. ఒక స్టేషన్‌కు సెకనుకు 128 కిలోబిట్లు, మంచి సంగీతం కావాలంటే ఇంకా ఎక్కువ. మామూలుగా వాడే రక్షణ స్థాయిలో మల్టీప్లెక్స్ మొత్తానికి 1152 కిలోబిట్లు దొరుకుతాయనుకుంటే, 128 లెక్కన తొమ్మిది స్టేషన్లు. పదేళ్లు తిరిగేసరికి సగం బిట్లతోనే అంత నాణ్యత ఇచ్చే హెచ్ఈ-ఏఏసీ వచ్చింది. 2007లో దాన్ని చేర్చి డ్యాబ్ ప్లస్ అన్నారు. 64 కిలోబిట్ల లెక్కన అదే మల్టీప్లెక్స్‌లో 18 స్టేషన్లు పడతాయి. ప్రసార సంస్థలకు ఖర్చు సగం. సంతోషమే. కానీ అప్పటికి అమ్ముడైన సెట్లలో ఆ కోడెక్ లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గరగా చూపిస్తాను. మల్టీప్లెక్స్‌లో ఏయే స్టేషన్లు ఉన్నాయో చెప్పే ఒక సమాచార మార్గం ఉంటుంది, దాన్ని ఫిక్ అంటారు. అందులో సమాచారం చిన్న చిన్న గుంపులుగా వస్తుంది. ప్రతి గుంపు మొదట్లో ఒక బైటు. అందులో 3 బిట్లు ఇది ఏ రకం గుంపు అని చెప్తాయి, మిగతా 5 బిట్లు దీని పొడవెంత అని చెప్తాయి. పాత సెట్టుకు తెలియని కొత్త రకం ఎదురైందనుకోండి. పొడవు చూసుకుంటుంది, అన్ని బైట్లు దాటేసి తరవాతి గుంపుకు వెళ్లిపోతుంది. తికమక పడదు. ఆ 5 బిట్లు రాసిపెట్టినవాళ్లకు రేపు ఏమొస్తుందో తెలియదు. ఏదో ఒకటి వస్తుందని మాత్రం తెలుసు. దానికి దారి వదిలారు.

అదే ఫిక్‌లో, ఈ స్టేషన్ శబ్దం ఏ రకం అని చెప్పే 6 బిట్ల అంకె ఒకటి ఉంటుంది. ఎంపీ2 అయితే 0. డ్యాబ్ ప్లస్ అయితే 63. పాత సెట్టు 63 చూస్తుంది. దాని అర్థం తెలియదు. కొన్ని సెట్లు ఆ స్టేషన్‌ను జాబితాలోంచి తీసేస్తాయి. కొన్నిట్లో పేరు తెర మీద చక్కగా కనిపిస్తుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, శబ్దం మాత్రం రాదు. విన్నవాళ్లు ఏమనుకుంటారు? సెట్టు చెడిపోయిందనుకుంటారు. షాపుకు తీసుకెళ్తారు. సెట్టు చెడిపోలేదు, ప్రమాణం దాన్ని దాటి వెళ్లిపోయింది. తెలియని సమాచారాన్ని దాటేయవచ్చు, తెలియని శబ్దాన్ని దాటేస్తే మిగిలేది నిశ్శబ్దమే కదా.

కొన్ని కంపెనీలు ముందుచూపుతో, చిప్‌లో చోటుంచి, తరవాత సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌తో డ్యాబ్ ప్లస్ వచ్చేలా చేశాయి. చాలా సెట్లలో ఆ వీలు లేదు. ఫలితం దేశాన్ని బట్టి మారింది. జర్మనీలో పాత డ్యాబ్ సెట్లు పెద్దగా అమ్ముడుపోలేదు, కాబట్టి 2011 ఆగస్టులో డ్యాబ్ ప్లస్‌తో కొత్తగా మొదలుపెట్టగలిగారు. ఆస్ట్రేలియా 2009లో నేరుగా డ్యాబ్ ప్లస్‌తోనే వచ్చింది, ఆలస్యంగా రావడమే దానికి కలిసొచ్చింది. బ్రిటన్ మాత్రం ముందుగా వచ్చి, బాగా అమ్ముకుని, ఆ అమ్మకాలకే కట్టుబడిపోయింది. ఇళ్లలో ఎంపీ2 సెట్లు లెక్కకు మించి ఉన్నందువల్ల పెద్ద స్టేషన్లు ఎన్నో ఏళ్లు పాత కోడెక్‌లోనే ఉండాల్సి వచ్చింది. కొందరు దీన్ని వెనకబాటు అంటారు. నేను అనను. వినేవాళ్లకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం అంటాను. ఫిన్లాండ్ 2005లో, పోర్చుగల్ 2011లో డ్యాబ్‌ను ఆపేశాయి. కెనడా ఎల్-బ్యాండ్‌లో, అంటే 1.4 గిగాహెర్ట్జ్ పైన పెట్టి ప్రయత్నించి వదిలేసింది. అంత పై ఫ్రీక్వెన్సీలో ఒక్కో ట్రాన్స్‌మిటర్ తక్కువ దూరమే అందుతుంది, ట్రాన్స్‌మిటర్లు ఎక్కువ కావాలి. పైగా పక్కనే ఉన్న అమెరికా వేరే దారిలో వెళ్తుంటే ఆ మార్కెట్ ఒక్కదాని కోసం సెట్లు ఎవరు చేస్తారు?

(సభలో ఒకరు: సార్, అమెరికా పద్ధతిలో పాత సెట్టు పనిచేస్తుంది కదా. మరి అదే మేలు కాదా?)

మంచి ప్రశ్న అడిగారు. అమెరికా పద్ధతి పేరు హెచ్‌డీ రేడియో. దానికి అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2002లో ఆమోదం ఇచ్చింది. మామూలు ఎఫ్ఎం సిగ్నల్‌ను అలాగే ఉంచి, దానికి రెండు వైపులా 129 నుంచి 198 కిలోహెర్ట్జ్ దూరంలో డిజిటల్ క్యారియర్లు పెడతారు. మీ పాత సెట్టు మధ్యలో ఉన్న ఎఫ్ఎం వింటుంది. కొత్త సెట్టు ముందు ఎఫ్ఎంను పలికించి, కొన్ని సెకన్లలో డిజిటల్‌ను పట్టుకుని, దాంట్లోకి జారుకుంటుంది. సిగ్నల్ తగ్గితే మళ్లీ ఎఫ్ఎంకు వచ్చేస్తుంది. వినేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు.

కానీ దానికి చెల్లించాల్సిన మూల్యం ఉంది. మొదట డిజిటల్‌కు ఇచ్చిన పవర్ ఎఫ్ఎం పవర్‌లో 1 శాతం. భవనాల లోపల అది చాలలేదు. 2010లో 10 శాతం వరకు పెంచుకోవచ్చన్నారు. అయితే అమెరికాలో ఛానెళ్ల మధ్య దూరం 200 కిలోహెర్ట్జ్. మీ స్టేషన్ నుంచి 129 నుంచి 198 అంటే అది పక్క ఛానెల్ గడప లోపలే. అందుకని ఎంత పెంచాలన్నా పక్క స్టేషన్ సంగతి చూసుకోవాలి. డిజిటల్ ప్రాసెసింగ్‌కు సమయం పడుతుంది కాబట్టి ఎఫ్ఎం శబ్దాన్ని స్టేషన్‌లోనే దాదాపు 8 సెకన్లు ఆపి, రెండూ ఒకే క్షణంలో సెట్టుకు చేరేలా చూడాలి. ఆ సర్దుబాటు సరిగా లేకపోతే, కారు వంతెన కిందికి వెళ్లినప్పుడల్లా ఎఫ్ఎంకు మారిన ప్రతిసారీ చెప్పిన మాటే మళ్లీ వినిపిస్తుంది, లేదా సగం మాట ఎగిరిపోతుంది. ఇంకో సంగతి. హెచ్‌డీ2, హెచ్‌డీ3 అని అదనపు ఛానెళ్లు ఇస్తారు. వాటికి వెనక ఎఫ్ఎం లేదు. సిగ్నల్ పోతే నిశ్శబ్దమే. కోడెక్ కూడా అందరికీ తెరిచి ఉన్న ప్రమాణం కాదు, ఒక సంస్థ లైసెన్సు ఇవ్వాలి. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. పాత సెట్టు బతికింది, నిజమే. దాని కోసం డిజిటల్ వైపు చోటు, పవర్, స్వేచ్ఛ మూడూ తగ్గించుకున్నారు. స్పెక్ట్రమ్‌లో వేరే చోటు దొరకని దేశానికి అది సరైన ఎంపికే కావచ్చు.

ఇక మూడో ప్రమాణం డీఆర్ఎం, అంటే డిజిటల్ రేడియో మోండియాల్. 1998లో చైనాలోని గ్వాంగ్‌జౌలో దీని కన్సార్షియం, అంటే సంస్థల కూటమి, ఏర్పడింది. 2003లో ప్రసారాలు మొదలయ్యాయి. దీని మొదటి గురి మీడియం వేవ్, షార్ట్ వేవ్. అంటే ఎక్కువ దూరం, ఎక్కువ గరగర ఉండే చోట. ఉన్న 9 లేదా 10 కిలోహెర్ట్జ్ ఛానెల్‌లోనే ఇమిడిపోతుంది. షార్ట్ వేవ్ సిగ్నల్ ఆకాశంలోని అయనో మండలానికి తగిలి వస్తుంది కాబట్టి ఒక్కో పొర నుంచి ఒక్కో ఆలస్యంతో వస్తుంది. దానికి తగ్గట్టు ఎ, బి, సి, డి అని నాలుగు మోడ్‌లు పెట్టారు. నేల వెంబడి వచ్చే సిగ్నల్‌కు ఎ, ఆకాశం నుంచి వచ్చేదానికి బి, పరిస్థితి ఇంకా కఠినమైతే సి, డి. ఆటంకాలను తట్టుకునే బలం పెరిగినకొద్దీ పంపగలిగే బిట్లు తగ్గుతాయి. 2009లో ఎఫ్ఎం బ్యాండ్‌లో కూడా పనిచేసే మోడ్ ఇ చేర్చారు. దాని వెడల్పు 96 కిలోహెర్ట్జ్, అంటే మామూలు ఎఫ్ఎం తీసుకునే చోటులో సగానికి తక్కువ. మల్టీప్లెక్స్‌లో చేరకుండా ఏ స్టేషన్‌కు ఆ స్టేషన్ సొంతంగా వెళ్లాలనుకుంటే ఇది నప్పుతుంది.

భారతదేశంలో ఆకాశవాణి మీడియం వేవ్‌కు డీఆర్ఎం ఎంచుకుని 30కి పైగా ట్రాన్స్‌మిటర్లను సిద్ధం చేసింది. దాంతో ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకటికి రెండు కార్యక్రమాలు, గరగర లేకుండా, పంపే వీలు వచ్చింది. సెట్లు ఎక్కడున్నాయి అంటే, ఎక్కువగా కార్లలో. కొన్ని కంపెనీలు తమ కార్లలో డీఆర్ఎం రిసీవర్‌ను ఫ్యాక్టరీలోనే పెట్టి అమ్ముతున్నాయి. కొన్నవాళ్లలో చాలామందికి అది ఉన్న సంగతే తెలియదు. ఇంట్లో పెట్టుకునే సెట్లు, చేతిలో పట్టుకునే సెట్లు మాత్రం తక్కువే. ప్రసారం ముందు, సెట్టు తరవాత అనే క్రమంలో వెళ్తే ఇలాగే అవుతుంది. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ల విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 అక్టోబరులో ఇచ్చిన సిఫార్సుల్లో నాకు నచ్చినది, దేశానికంతా ఒకే డిజిటల్ ప్రమాణం ఉండాలనడం. రెండు ప్రమాణాలున్న చోట సెట్లు తయారుచేసేవాళ్లు ఆగి చూస్తారు. వాళ్లు ఆగితే కొనేవాళ్లూ ఆగుతారు.

డ్యాబ్‌కు జరిగిన కోడెక్ చిక్కు డీఆర్ఎంకూ తప్పలేదు. తక్కువ బిట్లలో మాటల కోసం మొదట్లో వాడిన కోడెక్‌ల స్థానంలో, 2014 ప్రాంతంలో ఎక్స్‌హెచ్ఈ-ఏఏసీ వచ్చింది. మాట, సంగీతం రెండింటికీ చక్కగా పనిచేస్తుంది. సెకనుకు 12 కిలోబిట్ల దగ్గర కూడా మాట హాయిగా వినగలం. అంతకుముందు కొన్న డీఆర్ఎం సెట్లలో అది లేదు. సాఫ్ట్‌వేర్ మార్చగలిగినవి మారాయి, మిగతావి పేరు చూపించి ఊరుకున్నాయి. ఒకే కథ రెండుసార్లు జరిగింది కాబట్టి ఇది ఎవరి నిర్లక్ష్యమో అని నేను అనుకోవడం లేదు. కోడెక్‌లు పదేళ్లకోసారి మారతాయి, సెట్టు ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఈ రెండు వయసుల మధ్య తేడాను ప్రమాణం రాసేవాళ్లు మొదటి రోజే లెక్కలోకి తీసుకోవాలి. కోడెక్‌ను మార్చుకునే వీలు లేని సెట్టుకు ఆ ప్రమాణం ముద్ర ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

(ఇంకొకరు: అన్ని ప్రమాణాలూ పలికే ఒకే సెట్టు చేయలేమా అండీ?)

చేయగలం. చేస్తున్నారు కూడా. ఇవాళ చిప్‌లో ఎక్కువ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎఫ్ఎంను పక్కనపెడితే డ్యాబ్, డీఆర్ఎం, హెచ్‌డీ అన్నీ ఓఎఫ్‌డీఎం చుట్టూ తిరిగే లెక్కలే, అంటే బిట్లను చాలా చిన్న క్యారియర్ల మీద పంచి పంపే పద్ధతి. కార్ల రేడియోల్లో బహుళ ప్రమాణాల చిప్‌లు మామూలైపోయాయి. అడ్డంకి చిప్‌లో కంటే దాని చుట్టూ ఉంది. మొదటిది యాంటెనా. ఎఫ్ఎం 100 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం 75 సెంటీమీటర్లు. డ్యాబ్ ఉండే బ్యాండ్-3లో, 200 దగ్గర, 37 సెంటీమీటర్లు. మీడియం వేవ్‌లో అయితే తరంగమే వందల మీటర్లు, అక్కడ ఫెర్రైట్ కడ్డీతో సరిపెట్టుకోవాలి. పాత కారులో కొత్త డ్యాబ్ రేడియో బిగించి, యాంటెనా పాతదే ఉంచితే ఊరు దాటగానే శబ్దం తెగిపోవడానికి కారణం అదే. రెండోది చప్పుడు. ఎలక్ట్రిక్ కార్లలో మోటారును నడిపే ఇన్వర్టర్ మీడియం వేవ్ అంతటా గోల పుట్టిస్తుంది. అనలాగ్ అయితే ఆ గోల మధ్యలోంచి మాట వినిపిస్తుంది. డీఆర్ఎం అయితే గోల ఒక హద్దు దాటగానే పూర్తిగా ఆగిపోతుంది. డిజిటల్ కాబట్టి గోల సమస్య ఉండదని చెప్పేవాళ్ల మాట సగమే నిజం. మూడోది లైసెన్సు రుసుములు. ప్రతి కోడెక్‌కూ, ప్రతి ప్రమాణానికీ ఎవరికో ఒకరికి కట్టాలి. ఖరీదైన కారులో అది కనిపించదు. చవకైన చేతి సెట్టులో అదే పెద్ద ఖర్చు.

ఆగిపోవడం అన్నాను కదా, అదీ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. పాత డ్యాబ్‌లో సిగ్నల్ తగ్గితే బుడబుడమని నీళ్లు మరిగినట్టు వినిపిస్తుంది. డ్యాబ్ ప్లస్‌లో తప్పులు సరిదిద్దే పొర ఇంకొకటి చేర్చారు. 120 బైట్లలో 5 బైట్ల వరకు తప్పులుంటే అది సరిచేసేస్తుంది. అందుకని చివరిదాకా శుభ్రంగా వినిపించి, ఆ హద్దు దాటగానే చటుక్కున ఆగుతుంది. కొలిచి చూస్తే డ్యాబ్ ప్లస్సే మేలు. కానీ వినేవాళ్లు, పాతదే నయం, కొంచెమైనా వినిపించేది అంటారు. ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. ఎఫ్ఎంలో గరగర పెరగడం ఒక హెచ్చరిక, యాంటెనా జరుపుకోమని చెప్పడం. చటుక్కున ఆగే సెట్టు ఆ హెచ్చరిక ఇవ్వదు. కాబట్టి సిగ్నల్ ఎంత మిగిలిందో తెర మీద నిజాయితీగా చూపించే సెట్టు కావాలి.

తెర అనగానే మన భాషకు సంబంధించిన మాట ఒకటి. డీఆర్ఎంలో స్టేషన్ పేరు యూటీఎఫ్-8లో, అంటే అన్ని లిపులనూ రాయగలిగే సంకేత పద్ధతిలో, వెళ్తుంది, 16 అక్షర సంకేతాల వరకు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. ‘ఆకాశవాణి’ అని రాస్తే గుణింతాలు కూడా విడిగా లెక్కకొచ్చి 8 సంకేతాలు, 24 బైట్లు. బాగానే ఇముడుతుంది. పాటతో పాటు నడిచే సందేశానికి 128 బైట్ల హద్దు. ఇంగ్లిష్‌లో అయితే 128 అక్షరాలు. తెలుగులో 42 సంకేతాలు. ఒత్తులు ఎక్కువున్న వాక్యమైతే ఏడెనిమిది మాటలు దాటదు. మధ్యలో తెగితే ఒత్తు లేని పొల్లు మిగులుతుంది. అది పంపేవాళ్లు చూసుకోవాల్సిన సంగతి. సెట్టు వైపు చూస్తే, ప్రమాణంలో యూటీఎఫ్-8 ఉన్నంత మాత్రాన చాలదు. సెట్టులో తెలుగు ఫాంట్ ఉండాలి, ఒత్తులను సరైన చోట పేర్చే సాఫ్ట్‌వేర్ ఉండాలి. లేకపోతే వరసగా ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ప్రమాణానికి అనుగుణం అని పెట్టె మీద రాసి ఉంటుంది, చదవడానికి ఏమీ ఉండదు. ఈ పరీక్షను కొనేవాళ్లు షాపులోనే చేయాలి, తయారీదారులు ఫ్యాక్టరీలోనే చేయాలి.

విపత్తు హెచ్చరికల గురించి కూడా ఇదే కోవలో చెప్పాలి. డీఆర్ఎంలో అత్యవసర హెచ్చరిక సదుపాయం ఉంది. ఒక సంకేతం పంపితే, వేరే స్టేషన్ వింటున్న సెట్టు కూడా హెచ్చరిక ప్రసారానికి దానంతట అదే మారుతుంది. స్టాండ్‌బైలో ఉన్న సెట్టు నిద్రలేచేలా కూడా తయారుచేయవచ్చు. డ్యాబ్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇందాక చెప్పిన దాటేసే పద్ధతి ఇక్కడ మనకు ఎదురు తిరుగుతుంది. ఈ సదుపాయం లేని సెట్టు ఆ సంకేతాన్ని మర్యాదగా దాటేసి పాట వినిపిస్తూనే ఉంటుంది. ప్రమాణంలో దీన్ని ఐచ్ఛికంగా ఉంచితే చవక సెట్లలోంచి ముందుగా పోయేది ఇదే. తుఫాను రాత్రి చవక సెట్టే ఎక్కువమంది చేతిలో ఉంటుంది. అందుకే ఈ ఒక్క అంశం తప్పనిసరి కావాలని నేను ఎక్కడ మాట్లాడినా అడుగుతాను.

ఎఫ్ఎంను ఆపేసిన దేశం సంగతి కూడా వినండి. నార్వే 2017 జనవరి 11న ఉత్తరాన ఉన్న నూర్లాండ్‌లో మొదలుపెట్టి, ప్రాంతం తరవాత ప్రాంతంగా, ఆ ఏడాది డిసెంబరుకల్లా జాతీయ ఎఫ్ఎం ప్రసారాలను ఆపేసింది. చాలా చిన్న స్థానిక స్టేషన్లు ఎఫ్ఎంలోనే ఉండిపోయాయి. వాళ్లకు కొండలు, లోయలు ఎక్కువ, ఎఫ్ఎం నెట్‌వర్క్‌ను మళ్లీ కట్టడం కంటే డ్యాబ్ చవక. అయినా జనం నుంచి వచ్చిన అసంతృప్తి ఎక్కువగా కార్ల గురించే. ఇంట్లో సెట్టు మార్చడం తేలిక, కారు మార్చడం తేలిక కాదు. స్విట్జర్లాండ్ ప్రజా ప్రసార సంస్థ 2024 డిసెంబరు 31న తన ఎఫ్ఎం ఆపేసింది. యూరోపియన్ యూనియన్ ముందే మేలుకుని, 2020 డిసెంబరు 21 నుంచి అమ్మే కొత్త కార్లలో రేడియో ఉంటే అది నేల మీది డిజిటల్ ప్రసారాన్ని కూడా అందుకోగలగాలని నియమం పెట్టింది. ఎఫ్ఎం ఆపే తేదీ ప్రకటించడం కంటే ఈ నియమమే డిజిటల్ రేడియోకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. కార్లు వాటంతట అవే మారుతూ ఉంటాయి, ఎవరూ బలవంతపెట్టాల్సిన పని లేదు.

(చివరి ప్రశ్న: మరి ఫోన్‌లో ఎందుకు లేదండీ? నెట్‌లో వింటున్నాం కదా, అది చాలదా?)

ఫోన్‌లో పెట్టడం కష్టమేమీ కాదు. 2016లోనే డ్యాబ్ ప్లస్ ఉన్న ఎల్‌జీ స్టైలస్ 2 ఫోన్ వచ్చింది. ఇయర్‌ఫోన్ తీగే యాంటెనా. ఆ తరవాత చాలా ఫోన్లలో ఇయర్‌ఫోన్ రంధ్రమే తీసేశారు, తీగతో పాటు యాంటెనా పోయింది. నెట్ చాలదా అంటే, మామూలు రోజున చాలామందికి చాలుతుంది. కానీ అక్కడ పదివేల మంది వింటే పదివేల కనెక్షన్లు నడవాలి. ప్రసారంలో పదిమంది విన్నా పది లక్షల మంది విన్నా ట్రాన్స్‌మిటర్‌కు ఒకటే కరెంటు. సెల్ టవర్ పడిపోయిన రోజున ఆ తేడా తెలుస్తుంది. అందుకే రెండూ కలిపిన హైబ్రిడ్ సెట్లు నాకు నచ్చుతాయి. సిగ్నల్ ఉన్నంతసేపూ ప్రసారం నుంచి, అది పోయినప్పుడు నెట్ నుంచి వినిపిస్తాయి. వినేవాళ్లు ఏ బటనూ నొక్కరు.

కొనబోయేవాళ్లు పెట్టె మీద ‘డిజిటల్’ అన్న ఒక్క మాట చూసి కొనకండి. మూడు విషయాలు అడగండి. ఏ ప్రమాణం, ఏ బ్యాండ్, ఏ కోడెక్. నాలుగోది కూడా అడగగలిగితే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఎలా చేస్తారని అడగండి. షాపులో సిగ్నల్ బలంగా ఉంటుంది, అక్కడ అన్ని సెట్లూ పలుకుతాయి. వెనక్కి ఇచ్చే వీలు ఉంచుకుని ఇంటికి తెచ్చి, మీ ఇంట్లో ఎఫ్ఎం అన్నిటికంటే బలహీనంగా వచ్చే గదిలో పెట్టి ఒక పూట వినండి. పాత సెట్టును అప్పుడే ఎవరికీ ఇచ్చేయకండి. దాన్ని పక్కనే పెట్టి రెండూ ఒకే స్టేషన్‌కు ట్యూన్ చేస్తే, డిజిటల్ కొన్ని సెకన్లు వెనకపడి వినిపిస్తుంది. అది లోపం కాదు, బిట్లను చెల్లాచెదురు చేసి మళ్లీ వరస పేర్చడానికి పట్టే సమయం. గంటల చప్పుడుతో గడియారం సరిచేసుకునే అలవాటున్నవాళ్లు అందుకు ఎఫ్ఎం సెట్టునే నమ్ముకోండి.

ధన్యవాదాలు.